ఇంటి దొంగ – ఇంటర్‌నెట్ దొంగ

పూర్వం దొంగకి ఒక రూపం వుండేది. ఒంటికి ఆముదం పట్టించుకుని, అమావాస్య చీకట్లో వచ్చి గోడకి కన్నం వేసేవాడు. కుక్క మొరిగేది. అరుగు మీద ముసలాయన దగ్గేవాడు. అదృష్టం బాగుంటే దొంగ చెప్పులు వదిలేసి పారిపోయేవాడు. ఏదీ కాకపోయినా తెల్లారేసరికి గోడకి కన్నమైనా కనిపించేది. ఇదిగో ఇక్కడ దొంగ పడ్డాడు అని నలుగురికీ చూపించుకునే వీలుండేది. నేటి దొంగకి ఈ అవస్థలేమీ లేవు. ఎక్కడో కుర్చీలో కూర్చుని, ఇంటి యజమాని చేతనే తాళం తీయిస్తాడు. కుక్క మొరగదు. గోడ గోడలాగే వుంటుంది. పెట్టె మాత్రం ఖాళీ అవుతుంది.

మన సంచికలో ఏటా నిరుద్యోగం, వరకట్నం, విద్యార్థులూ రాజకీయాలూ మొదలైన విషయాల మీద మిత్రులు రాస్తూనే వున్నారు. నన్ను రసాయన శాస్త్రం మీద ఏదైనా రాయమన్నారు సంపాదకులు. అది పరీక్షలో ఎలాగూ రాస్తాను. అంతకన్నా ముందు రాయవలసింది ఒకటి వుంది. దానికి కారణం మా ఇంట్లోనే జరిగింది గనుక మొదట ఆ సంగతి చెప్తాను.

మా నాన్న పల్నాడు రైతు. రెండెకరాలు సొంతం, రెండెకరాలు కౌలు. మిరప వేస్తాం. మిరప సంగతి తెలిసినవాళ్ళకి వేరే చెప్పనక్కరలేదు. నారు పోసిన దగ్గర్నుంచి కాయ కల్లంలో ఎండేదాకా మనిషికి కంటి మీద కునుకుండదు. గత మార్చిలో గుంటూరు యార్డుకి తోలిన టిక్కీల డబ్బు నాన్న ఖాతాలో పడింది. అందులోంచి కౌలు కట్టాలి, మందుల కొట్లో బాకీ తీర్చాలి, నా మెస్ బిల్లు కట్టాలి. ఈ మూడూ తీరకముందే, రెండో శనివారం సాయంత్రం, ఆయన ఫోనుకి ఒక వాట్సాప్ సందేశం వచ్చింది. "మీ పి.ఎం. కిసాన్ విడత నిలిపివేయబడినది. వెంటనే కె.వై.సి. పూర్తి చేయగలరు" అని. కింద ఒక ఫైలు. పంపింది ముక్కూ మొహం తెలియనివాడైతే నాన్న ముట్టుకునేవాడు కాదు. వచ్చింది మా మేనమామ నంబరు నుంచి. బావమరిది పంపాడంటే మంచికే పంపి వుంటాడనుకున్నాడు. పైగా 2019 నుంచి ఏటా మూడు విడతలుగా వచ్చే 6,000 రూపాయల్లో ఒక 2,000 ఆగిపోతుందేమోనన్న భయం. ఫైలు నొక్కాడు. అది అడిగినవన్నీ, ఖాతా నంబరు, కార్డు నంబరు, వెనక వున్న అంకెలు, కళ్ళజోడు పెట్టుకుని ఓపిగ్గా నింపాడు. 2,000 కోసం.

రాత్రి భోజనాల వేళ నాలుగు దఫాలుగా 96,000 రూపాయలు పోయినట్టు వరసగా మెసేజిలు వచ్చాయి. నాన్న చూశాడు. చూసి, అమ్మకి కూడా చెప్పలేదు. రాత్రంతా మంచం మీద అటూ ఇటూ దొర్లి, ఆదివారం ఉదయం 7 గంటలకి నాకు ఫోన్ చేశాడు. "పెద్దోడా, ఒక మాట చెప్తాను, కోప్పడవు కదా?" అన్నాడు. పుట్టి బుద్ధెరిగిన తర్వాత మా నాన్న నన్ను అలా అడగటం అదే మొదటిసారి. ఆ ప్రశ్న నాకు 96,000 కన్నా ఎక్కువ బాధ కలిగించింది.

ఇంతకీ మా మేనమామ ఆ సందేశం పంపలేదు. అంతకు రెండు రోజుల ముందే ఆయనా అదే ఫైలు నొక్కాడు. ఇక్కడే ఈ విద్యలో కిటుకంతా వుంది. ఆ ఫైలు ఒక ఏ.పి.కె., అంటే ఆండ్రాయిడ్ ఫోనులో కొత్త యాప్‌ని ఎక్కించే మూట. మామూలుగా యాప్‌లు ప్లే స్టోరు నుంచి దిగుతాయి. ఇది దొడ్డిదారిన వచ్చింది. ఎక్కేటప్పుడు "మీ మెసేజిలు చదవవచ్చునా? మీ ఫోను పుస్తకం చూడవచ్చునా?" అని అడుగుతుంది. మనం చదవకుండానే సరే, సరే అని నొక్కుతాం. ఆ క్షణం నుంచి బ్యాంకు పంపే ఓ.టి.పి. మన కంటితోబాటు దొంగ కంటికీ కనబడుతుంది. మన ఫోనులోని బంధుమిత్రులందరికీ మన పేరు మీదే అదే ఫైలు వెళ్ళిపోతుంది. మశూచికం ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పాకినట్టు పాకుతుందన్నమాట. "నేను ఓ.టి.పి. ఎవరికీ చెప్పలేదు రా" అని నాన్న ఇప్పటికీ అంటాడు. నిజమే, చెప్పలేదు. చెప్పే అవసరం కూడా లేకుండా చేశారు.

అక్కడ నేను చేసిన మంచి పని ఒక్కటే: 1930కి ఫోన్ చేశాను. ఈ నంబరు నాకు మన కాలేజీ నోటీసు బోర్డు మీద చూసిన జ్ఞాపకం. రెండుసార్లు లైను దొరకలేదు. మూడోసారి ఒకాయన మాట్లాడి బ్యాంకు పేరు, ఖాతా నంబరు, ఏ వేళకి ఎంత పోయింది, ప్రతి లావాదేవీకి వుండే నంబరు, ఇవన్నీ అడిగి రాసుకున్నారు. మెసేజిలో ఒక ఫిర్యాదు నంబరు వచ్చింది. దాంతో కేంద్ర హోం శాఖ వారి సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మిగతా వివరాలు నింపాను.

ఇది ఎలా పని చేస్తుందో తర్వాత తెలుసుకున్నాను. 2021లో ఈ ఏర్పాటు మొదలైనప్పుడు నంబరు 155260; తర్వాత 1930గా మారింది. ఫిర్యాదు అందగానే వివరం మన బ్యాంకుకీ, డబ్బు వెళ్ళిన బ్యాంకుకీ అందుతుంది. డబ్బు ఇంకా అక్కడే వుంటే ఆ బ్యాంకు దాన్ని కదలకుండా పట్టి వుంచుతుంది. ముందుకు పోయి వుంటే తర్వాతి బ్యాంకుకి కబురు వెళ్తుంది. అంటే పోలీసు పరిగెత్తేది దొంగ వెంట కాదు, డబ్బు వెంట. దొంగని రేపు పట్టుకోవచ్చు. డబ్బుని ఈ గంటలోనే పట్టుకోవాలి. భౌతిక శాస్త్రంలో అర్ధ జీవిత కాలం అని చదువుకున్నాం కదా. రేడియోధార్మిక పదార్థం ఇంత కాలానికి సగం, మరింత కాలానికి అందులో సగం చొప్పున తరిగిపోతుంది. పోయిన డబ్బు దొరికే అవకాశం కూడా అలాంటిదే. మా నాన్న సిగ్గుపడి మౌనంగా వున్న ఆ పదకొండు గంటల్లో మా మిరప డబ్బు చాలా మట్టుకు క్షయించిపోయింది. మిగిలి పట్టుబడింది 31,400. అది కూడా కోర్టు ఉత్తర్వు వచ్చాక, నెలలు గడిచాక మా చేతికొచ్చింది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని సామెత. మా విషయంలో కుక్కలది తప్పు కాదు. వాటిని లేపవలసినవాళ్ళం మేం లేపలేదు.

అంచేత మిత్రులారా, నా మొదటి మాట ఇది. మోసపోయినవాణ్ణి వెక్కిరించే అలవాటు మనం మానుకోవాలి. "ఆ మాత్రం తెలియదా?" అనే ప్రశ్న దొంగకి చేసే సాయం. నాన్న ఎవరికీ చెప్పకపోవడానికి కారణం ఆ ప్రశ్నే. డాక్టర్లు, బ్యాంకు అధికారులు, రిటైరైన ఉపాధ్యాయులు కూడా మోసపోతున్నారు. 2024లో ఒక్క సంవత్సరంలో ఈ మోసాల్లో దేశ ప్రజలు పోగొట్టుకున్న సొమ్ము 22,845 కోట్ల రూపాయలని ప్రభుత్వమే పార్లమెంటుకి చెప్పింది. అంతకు ముందు సంవత్సరం అది 7,465 కోట్లు. ఏడాదిలో మూడు రెట్లు! ఇంతమంది తెలివితక్కువవాళ్ళు ఒక్కసారిగా పుట్టుకొచ్చారా? కాదు. దొంగ మన తెలివి మీద దెబ్బ కొట్టడు. మన భయం మీదా, ఆశ మీదా, నమ్మకం మీదా కొడతాడు.

భయం సంగతి చూడండి. "డిజిటల్ అరెస్టు" అని ఒకటి బయల్దేరింది. వీడియో కాల్‌లో ఖాకీ చొక్కా, వెనక జెండా, గోడకి మహాత్ముడి పటం. "మీ ఆధార్ మీద పార్సిలులో మత్తు పదార్థాలు దొరికాయి, కదిలితే అరెస్టు" అని ఒక పెద్దాయన్ని రోజుల తరబడి గదిలో కూర్చోబెట్టి, జన్మంతా దాచుకున్నది ఊడ్చేస్తారు. మన దేశపు ఏ చట్టంలోనూ డిజిటల్ అరెస్టు అనేది లేదు. అరెస్టు అంటే పోలీసు ఎదురుగా వచ్చి మనిషిని అదుపులోకి తీసుకోవడమే. విచారణకి రమ్మనే నోటీసును సైతం వాట్సాప్‌లో పంపరాదని 2025 జనవరిలో సుప్రీం కోర్టు చెప్పింది. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి కూడా రేడియో ప్రసంగంలో ఈ మోసం గురించి హెచ్చరించారు. అయినా జనం మోసపోతున్నారంటే కారణం ఒకటే: మనకి పోలీసంటే భయం వుంది గాని, పోలీసు ఏం చేయవచ్చు, ఏం చేయరాదు అనే చట్ట జ్ఞానం లేదు. పోలీసంటే గజగజ వణికే సమాజంలోనే దొంగ పోలీసు వేషం రక్తి కడుతుంది. ఇది పోలీసువారు కూడా ఆలోచించవలసిన విషయం.

ఇక స్టేషను అనుభవం చెప్తాను. ఆదివారం నాన్నా నేనూ మొదట వెళ్ళిన స్టేషనులో "ఇవి ఇక్కడ కావబ్బాయ్, జిల్లా కేంద్రంలో సైబర్ వాళ్ళుంటారు, బ్యాంకు స్టేట్‌మెంటు పట్టుకుని అక్కడికి పోండి" అన్నారు. ఆదివారం బ్యాంకెక్కడ తీసి వుంటుంది? నాన్న కండువా తీసి చంకలో పెట్టుకుని, "సరేనండీ" అని వెనుదిరిగాడు. అప్పట్లో నాకు తెలియదు గాని, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా సరే, కేసు కట్టదగిన నేరమైతే ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపినా తీసుకోవాలి. పంపినవాడు మూడు రోజుల్లో వచ్చి సంతకం చేయాలి. "ఇది మా పరిధి కాదు" అన్న మాటకి ఇప్పుడు చట్టంలో చోటు లేదు. ఈ ముక్క ప్రతి స్టేషను గోడ మీదా తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాసి పెట్టాలని నా డిమాండు.

అయితే తప్పంతా ఆ కానిస్టేబులుదే అనను. సమాచార సాంకేతిక చట్టం 78వ సెక్షను ప్రకారం ఆ చట్టం కింది నేరాలను ఇన్‌స్పెక్టరు స్థాయికి తగ్గని అధికారే దర్యాప్తు చేయాలి. 2000లో చట్టం వచ్చినప్పుడు డి.ఎస్.పి. వుండాలన్నారు, 2008 సవరణతో ఇన్‌స్పెక్టరు దాకా దించారు. కాని పల్లెటూరి స్టేషనుకి పెద్ద ఎస్సై గారే. ఆయన రోడ్డు ప్రమాదాలు చూడాలి, గట్టు తగాదాలు చూడాలి, తిరునాళ్ళ బందోబస్తు చూడాలి. నేరం నిమిషాల మీద పరిగెడుతుంటే దర్యాప్తు సర్కిల్ ఆఫీసు దాకా నడిచి వెళ్ళాలి. శిక్షణ పొందిన ఎస్సైలకు కూడా, కనీసం డబ్బు మోసాల వరకైనా, ఈ అధికారం ఇవ్వాలని నా అభిప్రాయం.

దీనికి ఒక ఆక్షేపణ వుంది. అది తేలిగ్గా తీసిపారేసేది కాదు. ఫోనంటే మనిషి జాతకం మొత్తం. దాన్ని తెరిచే అధికారం కిందికి దించితే దుర్వినియోగం కాదా? అవుతుంది. 2012లో మహారాష్ట్రలో, ఒక నాయకుడి మరణానంతర బంద్ గురించి ఫేస్‌బుక్‌లో నాలుగు ముక్కలు రాసినందుకు, దానికి లైక్ కొట్టినందుకు ఇద్దరు అమ్మాయిల్ని అరెస్టు చేశారు. అందుకు వాడిన 66-ఏ సెక్షను రాజ్యాంగ విరుద్ధమని 2015 మార్చి 24న సుప్రీం కోర్టు కొట్టివేసింది. దొంగల్ని పట్టడానికిచ్చిన లాఠీ నోరున్నవాళ్ళ వీపు మీద పడకూడదు. అందుకే డబ్బు మోసాల వరకే అంటున్నాను. మనిషి మాటకి సంబంధించిన కేసులు పైవాళ్ళే చూడాలి, అదీ ఆచితూచి.

పోలీసువారికి న్యాయం చేయడానికి ఇంకో మాట కూడా చెప్పాలి. పోలీసు శాఖ రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల చేతిలో వుంది. దొంగకి రాష్ట్రాలు లేవు. ఫోన్ చేసేవాడు ఒక రాష్ట్రంలో, సిమ్ కార్డు ఇంకో రాష్ట్రంలో, ఖాతా మూడో చోట, మోసపోయినవాడు పల్నాడులో. ఒకప్పుడు జార్ఖండ్‌లోని జాంతారా పేరే ఎక్కువగా వినిపించేది. ఇప్పుడు సముద్రాలు దాటింది. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు ఒక ముఠాని పట్టుకున్నారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన కుర్రాళ్ళని కంబోడియా పంపి, అక్కడ వాళ్ళ చేత బలవంతంగా ఈ మోసపు ఫోన్లే చేయించారు. మయన్మార్‌లోని అటువంటి స్థావరాల నుంచి 500 మందికి పైగా భారతీయుల్ని 2025 మార్చిలో వైమానిక దళం విమానాల్లో వెనక్కి తెచ్చారు; వారిలో తెలుగువాళ్ళూ వున్నారు. అంటే మనకి ఫోన్ చేసి తియ్యటి తెలుగులో మోసం చేసే గొంతు, ఉద్యోగం కోసం ఇల్లు తాకట్టు పెట్టి వెళ్ళిన ఏ డిగ్రీ కుర్రాడిదో కావచ్చు. ఇలాంటి నేరాన్ని ఏ ఒక్క స్టేషనూ పట్టలేదు. కేంద్రం 2020లో సైబర్ నేరాల సమన్వయ కేంద్రాన్ని ప్రారంభించింది. తెలంగాణలో 2023లో సైబర్ సెక్యూరిటీ బ్యూరో అని ప్రత్యేక విభాగమే ఏర్పడింది. ఇవన్నీ మంచివే. కాని ఈ ఏర్పాట్లు రాజధానుల నుంచి మండలాలకి దిగాలి. మిరప పండేది రాజధానిలో కాదు గదా!

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పైన రాసినదంతా దీని కోసమే.

తర్వాతి వారం జిల్లా కేంద్రంలో మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి మాట్లాడిన ఒక ఎస్సై గారు, మా డబ్బు ఏ దారిన పోయిందో కాయితం మీద గీసి చూపించారు. చెట్టు కొమ్మల్లాగా వుంది. మా ఖాతా నుంచి మొదట ఒక ఖాతాకి. అక్కడి నుంచి అరగంటలో ఐదు ఖాతాలకి. అందులో కొన్ని ఇతర రాష్ట్రాల ఏ.టి.ఎం.లలో నోట్ల రూపంలో బయటికొచ్చాయి. ఆ మొదటి ఖాతా ఎవరిదండీ అని అడిగాను. "నీలాంటివాడిదే. డిగ్రీ చదువుతున్నాడు. నెలకి కొన్ని వేలకి ఖాతా అద్దెకిచ్చాడు. తండ్రి వ్యవసాయం" అన్నారు. నాన్న ఆ కాయితం వంక చూస్తూ, "పాపం, వాడికీ మెస్ బిల్లుందేమో" అన్నాడు.

నాకు మాత్రం నోట మాట రాలేదు. దానికి కారణం ఈ వ్యాసంలో మొదటిసారి బయటపెడుతున్నాను. అంతకు మూడు నెలల ముందు హాస్టల్లో ఒకతను నా గదికొచ్చి, "తమ్ముడూ, నీ పేర వాడకుండా పడి వున్న ఖాతా ఏదైనా వుందా? ఏ.టి.ఎం. కార్డు, సిమ్ ఇస్తే చాలు. ఆన్‌లైన్ బిజినెస్. నెలకి ఆరు వేలు. నువ్వు చేసేదేం లేదు" అన్నాడు. నేను సరేనన్నాను. అవును, సరేనన్నాను. స్కాలర్‌షిప్పు కోసం తెరిచిన ఖాతా ఒకటి వుంది. దాని పాస్‌బుక్కూ కార్డూ ఊళ్ళో వున్నాయి గనుక, పండక్కి వెళ్ళినప్పుడు తెస్తానన్నాను. పండక్కి వెళ్ళాను. మిరప కోతల హడావుడిలో పడి మర్చిపోయాను. నన్ను కాపాడింది నా నీతి కాదు, నా మతిమరుపు. ఆ కార్డు తెచ్చి ఇచ్చి వుంటే, ఇంకో ఊళ్ళో ఇంకో రైతు ముందు ఏ ఎస్సై గారో కాయితం మీద నా పేరు గీసి వుండేవారు.

ఇలాంటి ఖాతాలకి మ్యూల్ ఎకౌంట్లని పేరు. మ్యూల్ అంటే కంచరగాడిద. పేరు సరిగ్గానే పెట్టారు. బరువు మోసేది గాడిద, సొమ్ము ఎత్తుకుపోయేది ఇంకొకడు, దెబ్బలు తినేది మళ్ళీ గాడిదే. పోలీసుకి మొట్టమొదట దొరికేది ఖాతాదారే. ఎందుకంటే ముఠా నాయకుడికి పేరు లేదు, ఊరు లేదు. ఖాతాదారుకి ఆధార్ వుంది, ఫోటో వుంది, తండ్రి పేరు వుంది. వేషం మార్చి మోసం చేయడంపై సమాచార సాంకేతిక చట్టం 66-డి సెక్షను కింద మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షను నాలుగో ఉపవిభాగం కింద ఏడేళ్ళ దాకా శిక్ష. "నాకేం తెలియదు సార్, అద్దెకిచ్చాను" అంటే దొంగసొమ్ము దాచడానికి గది అద్దెకిచ్చినట్టే. కేసు తేలేదాకా ఉద్యోగానికి పోలీసు విచారణ, పాస్‌పోర్టుకి పోలీసు విచారణ, ప్రతి చోటా అదే మచ్చ. ఆరు వేల రూపాయలకి ఇంత ఖరీదా?

ఇలాంటి ఖాతాల్ని వెతకడానికి రిజర్వు బ్యాంకు అనుబంధ సంస్థ 2024లో మ్యూల్ హంటర్ అని ఒక యంత్ర పద్ధతి తయారు చేసింది. మంచిదే. అయితే ఖాతాల్ని స్తంభింపజేసేటప్పుడు కొంచెం విచక్షణ కూడా కావాలి. ఫోను కొట్టి 200 రూపాయలిచ్చి కూరగాయలు కొన్నవాడు దొంగ అయితే, ఆ కూరగాయల మనిషి ఖాతా మొత్తం బిగించేయడం ఏం న్యాయం? అనుమానం వున్న 200 ఆపి మిగతాది వదలవచ్చు గదా. గాడిదనీ ఆవునీ ఒకే గాటన కట్టరాదు.

మనం నిత్యం పాటించవలసినవి నాలుగైదే. డబ్బు రావడానికి పిన్ నొక్కనక్కరలేదు. పిన్ నొక్కామంటే డబ్బు పోతున్నట్టే లెక్క. వాట్సాప్‌లో వచ్చిన ఏ.పి.కె. ఫైలు కన్నతండ్రి పంపినా నొక్కరాదు, ముందు ఫోన్ చేసి "నువ్వే పంపావా?" అని అడగాలి. కిసాన్ కె.వై.సి. వంటి పనులకి ఊళ్ళో రైతు సేవా కేంద్రానికి గాని, మీ సేవకి గాని పోవాలి. పొరపాటున నొక్కితే వెంటనే ఫోను నెట్టు ఆపేసి, ఇంకొకరి ఫోను నుంచి బ్యాంకుకీ 1930కీ చెప్పాలి. బ్యాంకుకి చెప్పడం కూడా ముఖ్యమే. రిజర్వు బ్యాంకు 2017 జూలైలో పెట్టిన సూత్రం ప్రకారం, మన అజాగ్రత్త వల్ల డబ్బు పోయినా, బ్యాంకుకి తెలియజేసిన క్షణం తర్వాత పోయినదానికి బాధ్యత బ్యాంకుదే. అన్నిటికన్నా ముఖ్యం, తొందరపెట్టేవాడెవడైనా దొంగే అనుకోవాలి. ప్రభుత్వం మన పనుల్లో ఎప్పుడైనా ఇంత తొందరపడిందా? ఆలోచించండి!

ఇవి మనకి తెలుసు. మన ఇళ్ళల్లో తెలియదు. సర్కారు పథకం కావాలన్నా, విత్తనాల సబ్సిడీ కావాలన్నా, ఇవాళ రైతు ఫోను పట్టుకోక తప్పదు. ఫోను చేతికిచ్చినవాళ్ళు దాన్ని పట్టుకునే పద్ధతి నేర్పలేదు. కొత్త మందు డబ్బా ఇచ్చేటప్పుడైనా కొట్టువాడు "గాలికెదురుగా కొట్టకు" అని చెప్తాడు. ఆ పాటి జాగ్రత్త కూడా ఎవరూ చెప్పలేదు. అది చెప్పవలసినవాళ్ళం మనం. మన ఎన్.ఎస్.ఎస్. శిబిరాల్లో ఏటా రోడ్లు ఊడుస్తున్నాం, మొక్కలు నాటుతున్నాం. ఈ ఏడు వాటితోబాటు ఒక సాయంత్రం రచ్చబండ దగ్గర కూర్చుని, పది మంది పెద్దవాళ్ళ ఫోన్లు వాళ్ళ ఎదుటే తెరిచి, అక్కర్లేని యాప్‌లు తీసేసి, 1930 నంబరు వేసి ఇస్తే చాలు. ఉపన్యాసం అక్కర్లేదు. విద్యార్థి సంఘం వారు ఈ పని నెత్తికెత్తుకోవాలని ఈ సంచిక ద్వారా కోరుతున్నాను. హాస్టలు గదులకొచ్చి ఖాతాలు అడిగేవాళ్ళ సంగతి వార్డెను గారికి చెప్పే ధైర్యం కూడా మనలో రావాలి. నాకు అప్పుడు రాలేదు; తర్వాత వచ్చింది. చెప్పాను.

మా నాన్న ఇప్పుడు బాగానే వున్నాడు. మళ్ళీ నారు పోశాడు. దూలానికి సుద్దముక్కతో 1930 అని రాసుకున్నాడు; పక్కింటివాళ్ళు వచ్చినప్పుడు చూపించి, తనకి జరిగింది తనే చెప్తున్నాడు. సిగ్గు పోయింది. అది పోవడమే మాకు మిగిలిన లాభం.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు పెద్దలు. పోలీసు మాత్రం ఏం పట్టగలడు? కాని ఇంటి దొంగ కాకుండా వుండటం ఎవరి చేతిలోనో లేదు. అది మన జేబులో, ఆ ఏ.టి.ఎం. కార్డు వున్న చోటే వుంది.